జ్వరాల తేడా చెప్పిన హకీం: అబూ బక్ర్ అర్రాజీ

మన ఇండ్లలో పిల్లవానికి ఒళ్ళు కాలితే మొదట అడిగే మాట జ్వరం ఎంత ఉన్నది అని. ఏ జ్వరం అని అడిగేవారు తక్కువ. రెండు గోళీలు, ఒక సూది, సాయంత్రానికి తగ్గితే అల్లాహ్ దయ, తగ్గకపోతే ఇంకో డాక్టరు. కాని జ్వరం అన్నది ఒకే సుస్తీ కాదు. అది అనేక సుస్తీలు వేసుకొని తిరిగే ఒకే అంగీ. ఆ అంగీ లోపల ఎవరున్నారో చూడాలని పదకొండు వందల ఏండ్ల క్రితం పట్టుబట్టిన ఒక పెద్దమనిషి గూర్చి, మన సంఘ సభ్యుల కుటుంబాలకు, ముఖ్యంగా తల్లులకు తెలియజేయాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆయన పూర్తి పేరు అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అర్రాజీ. మన తెలుగులో రాజీ అంటే ఇద్దరి నడుమ సర్దుబాటు. ఆ అర్థం ఇక్కడ కాదు. ఇరాన్ దేశంలో ఇప్పటి తెహ్రాన్ పక్కన రయ్ అనే పాత పట్టణం ఉన్నది. ఆ ఊరివాడు కాబట్టి రాజీ. నిజానికి రోగం గుర్తించే విషయంలో ఈయన ఎవరితోనూ రాజీ పడలేదు, గ్రీకు వైద్యుడు జాలీనూస్‌తో కూడా. యూరపువాళ్ళు ఈయనను రేజస్ అని పిలిచినారు.

865లో, అంటే హిజ్రీ 251లో, ఆయన పుట్టినారు. చిన్నతనంలో సంగీతం మీద మక్కువ, ఊద్ వాయించేవారని చెప్తారు. తర్వాత కీమియా, అంటే రసవాదం, పట్టుకొన్నది. కొలిమి దగ్గర కూర్చొని లోహాలను, లవణాలను కాచి వడపోసి, ఏ వస్తువు ఏ గుణం కలదో తరగతులుగా విడదీసి వ్రాసినారు. వైద్యం వైపు వచ్చింది మాత్రం ఆలస్యంగానే, ముప్పై దాటిన తర్వాత అని చరిత్రకారులు అంటారు. మన పిల్లల్లో ఎవరైనా ఇరవై ఏండ్లకే నా వయసు అయిపోయింది, ఇంకేం చదువుతాను అంటే ఈ సంగతి గుర్తు చేయవచ్చును.

వస్తువులను విడదీసి చూసే ఆ కీమియా అలవాటే ఆయన వైద్యానికి కూడా అక్కరకు వచ్చిందని నాకు తోస్తుంది.

దవాఖానా పెద్ద

మొదట సొంత ఊరు రయ్ దవాఖానాకు, తర్వాత ఖలీఫాల రాజధాని బగ్దాద్ దవాఖానాకు ఆయన పెద్ద అయినారు. బగ్దాదులో దవాఖానా ఎక్కడ కట్టాలని అడిగితే, ఊరిలో పలుచోట్ల మాంసం ముక్కలు వ్రేలాడదీయించి, ఎక్కడ ఆలస్యంగా కుళ్ళితే అక్కడ కట్టమన్నారని ఒక కథ వాడుకలో ఉన్నది. కథ బాగున్నది. అయితే దానిలో చెప్పే అదుదీ దవాఖానా ఆయన పోయిన అర్ధశతాబ్దం తర్వాత లేచినది. కాబట్టి అది వేరే దవాఖానా సంగతైనా కావాలి, లేక షాగిర్దులు ప్రేమతో అల్లిన కథైనా కావాలి. ఆయన గొప్పతనానికి కథల ఆసరా అవసరం లేదు.

ఆయన కొలువు ఎట్లుండేదో పాత గ్రంథకర్త ఇబ్న్ అన్నదీమ్ వర్ణించినాడు. పెద్ద తలగల ముసలి ఉస్తాద్ నడుమ కూర్చొనేవారు. చుట్టూ షాగిర్దులు, వారి వెనుక వారి షాగిర్దులు, ఆ వెనుక మరి కొందరు వలయాలుగా కూర్చొనేవారు. మరీజ్ వచ్చి మొదట అందరికంటే వెలుపలి వలయంలోని వారికి తన బాధ చెప్పుకొనేవాడు. వాళ్ళకు తెలిస్తే సరే. తెలియకపోతే లోపలి వలయానికి పంపేవారు. వాళ్ళకూ చిక్కకపోతే అప్పుడు రాజీ గారు నోరు విప్పేవారు. మేష్టారుగా చెప్తున్నాను, ఇంతకన్నా మంచి తరగతి గది నాకు తెలియదు. చిన్నవాడు ప్రయత్నించే వరకు పెద్దవాడు ఊరుకోవాలి, చిక్కనప్పుడు చిన్నవాడు దాచకుండా పైకి పంపాలి.

పేదలపై ఆయనకు దయ ఎక్కువ. వైద్యం చేయడమే కాదు, బీద మరీజులకు ఖర్చులకు కూడా ఇచ్చేవారట. హకీం దొరకని వారి కోసం ప్రత్యేకంగా ఒక పుస్తకం వ్రాసినారు. దానిలో ఇంటిలో, అంగడిలో దొరికే వస్తువులతో చేసుకొనే ఇలాజులు ఉన్నవి. ఆహారంతో కుదిరే చోట మందు వద్దు, ఒక్క మందుతో కుదిరే చోట పది కలిపిన మందు వద్దు అన్నది ఆయన పద్ధతి. నేడు ఒక్క జలుబుకు ఏడు రంగుల గోళీలు పొట్లం కట్టించుకొని వచ్చే మనకు ఇది కొంచెం ఆలోచించవలసిన సంగతి. జనం మంచి వైద్యుని వదిలి నాటకాల వైద్యుల వెంట ఎందుకు పోతారు, నేర్పరి అయిన వైద్యుడు కూడా అన్ని రోగాలు ఎందుకు నయం చేయలేడు అనే విషయాలపై కూడా వేరు వేరుగా చిన్న పుస్తకాలు వ్రాసినారు.

మశూచి వేరు, తట్టు వేరు

ఆయన పేరు ప్రపంచంలో నిలిచిపోయింది ముఖ్యంగా ఒక చిన్న పుస్తకం వలన. అరబ్బీలో జుదరీ, హస్బా అని రెండు జబ్బులు. మన ఉర్దూలో చేచక్, ఖస్రా. తెలుగులో మశూచి, తట్టు. రెండింటికీ జ్వరం వస్తుంది, రెండింటికీ ఒంటిపై లేస్తవి, రెండూ పిల్లలనే ఎక్కువ పట్టేవి. పల్లెల్లో రెండింటినీ అమ్మవారు అనే ఒక్క మాట కింద కలిపేసేవారు. ఆ కాలపు వైద్యుల పుస్తకాలలోనూ ఈ రెండూ స్పష్టంగా విడివడలేదు.

రాజీ గారు వందలాది పిల్లల మంచాల పక్కన కూర్చొని చూసిన దానిని వరుసగా వ్రాసినారు. నడుము నొప్పి గట్టిగా ఉంటే మశూచి వైపు మొగ్గు. వాంతి వచ్చినట్లుండడం, కలవరం, నిలకడ లేకుండా పొర్లడం ఎక్కువైతే తట్టు వైపు మొగ్గు. ఒంటిపై లేచే వాటి తీరు, రంగు, ఎండే విధానం, ఏ గుర్తు మంచికి, ఏ గుర్తు ప్రమాదానికి అన్నీ చెప్పినారు. కండ్లు, గొంతు, చెవులు, కీళ్ళు ఎట్లా కాపాడుకోవాలో దానికే ఒక అధ్యాయం. కండ్లకు గులాబ్ జల్ వేయమన్నారు. మశూచి బారిన పడి బ్రతికినా ఎందరో చూపు పోగొట్టుకొనేవారు కదా, ఆ సంగతి ఆయన కండ్లారా చూసినారు.

ఆయన చెప్పిన కారణం మాత్రం నేడు నిలువదు. పిల్లల నెత్తురు ద్రాక్షరసం పులిసినట్లు పులిసి పొంగుతుందని, ఆ పొంగే ఈ జబ్బు అని ఆయన భావించినారు. అది సూక్ష్మదర్శిని లేని కాలం. ఈ రెండు జబ్బులకు రెండు వేరు వేరు వైరస్‌లు కారణమని తెలుసుకొనడానికి ఇంకా వెయ్యేండ్లు పట్టినది. కారణం తప్పినా గుర్తులు తప్పలేదు. అందుకే ఆ పుస్తకం లాటిన్‌లోకి, ఇంకా పలు యూరపు భాషల్లోకి వెళ్ళినది. 1848లో కూడా లండన్‌లో దానికి ఇంగ్లీషు అనువాదం అచ్చయినది. దాదాపు తొమ్మిది వందల యాభై ఏండ్ల తర్వాత కూడా డాక్టర్లు చదవదగిన పుస్తకం అన్న మాట.

వాటిలో మశూచి నేడు లేదు. మన దేశంలో చివరి కేసు 1975లో కనబడినది. 1980 మే నెలలో ప్రపంచమంతా మశూచి పోయినదని ప్రకటించినారు. తట్టు మాత్రం పోలేదు.

ఒక సుస్తీ ఇంకో సుస్తీని పిలుస్తుంది

ఇక్కడ కొంచెం ఆగి నేటి సంగతి చెప్పవలసి ఉన్నది. తట్టు వస్తే పోతుందిలే, ప్రతి పిల్లవానికి ఒకసారి రావలసిందే అని మన పెద్దవాళ్ళు అనేవారు. అది నిజం కాదు. తట్టు ఒంటరిగా వచ్చే జబ్బు కాదు, అది తలుపు తెరిచి ఇతరులను లోపలికి పిలిచే జబ్బు. తట్టు సోకిన పిల్లవానికి నిమోనియా పట్టవచ్చును, విరేచనాలు పట్టవచ్చును, చెవి కారవచ్చును. పిల్లలు పోయేది ఎక్కువగా ఈ వెనుక వచ్చిన జబ్బుల వల్లనే. ముందే బక్కచిక్కిన పిల్లవానికి ప్రమాదం ఎక్కువ. తట్టు వచ్చిన పిల్లవాడు తినడు, తినక ఇంకా బక్కగవుతాడు. అప్పుడు రెండో జబ్బు సులభంగా పడుతుంది. ఒకటి ఇంకొకదానికి నిచ్చెన వేస్తుంది. ఒంట్లో విటమిన్ ఏ తక్కువగా ఉన్న పిల్లవానికి తట్టు వస్తే కండ్లు కూడా పోవచ్చును. అందుకే తట్టు వచ్చిన పిల్లలకు డాక్టర్లు విటమిన్ ఏ ఇస్తారు.

ఇంకొక వింత 2019లో వెలువడిన పరిశోధన వలన బాగా తెలిసినది. మన శరీరం పాత జబ్బులను గుర్తు పెట్టుకొని వాటితో పోరాడే రక్షక పదార్థాలను నెత్తురులో ఉంచుకొంటుంది. తట్టు వచ్చిన పిల్లలలో ఆ పదార్థాలు 11 నుండి 73 శాతం వరకు పోయినట్లు కనబడినది. అంటే బడిలో నేర్చుకొన్న పాఠాల పలక తుడిచేసినట్లు. తట్టు తగ్గిన తర్వాత కూడా చాలా కాలం ఆ పిల్లవాడు ఇతర జబ్బులకు లోకువ అవుతాడు. టీకా వేస్తే ఈ పలక తుడిచే పని జరగదు. తొమ్మిది నెలలు నిండిన తర్వాత ఒకటి, పదహారు నుండి ఇరవై నాలుగు నెలల నడుమ ఇంకొకటి, ఈ రెండు టీకాలు ప్రభుత్వ దవాఖానాలో ఉచితం. ఒక తట్టు పిల్లవాడు, టీకా లేని పిల్లల నడుమ ఉంటే, పన్నెండు నుండి పద్దెనిమిది మందికి అంటించగలడు. ఒక మదర్సా, ఒక బడి, ఒక షాదీ ఇల్లు చాలు.

సుస్తీలు కలిసే సంగతి పెద్దలకు కూడా ఉన్నది. షుగర్ ఉన్నవారికి క్షయ రావడం లేనివారికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. క్షయ వచ్చిన తర్వాత షుగర్ అదుపు తప్పుతుంది. షుగర్ అదుపు తప్పితే క్షయ మందు సరిగా పనిచేయదు. తిండి తక్కువైన ఇంట్లో క్షయ ఎక్కువ. 2023లో జార్ఖండ్‌లో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు వచ్చినవి. క్షయ ఉన్నవారి ఇంటిలోని వారికి నెల నెలా పౌష్టికాహారం ఇస్తే, వారికి కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గినది. బియ్యం, పప్పు, పాలపొడి కూడా ఇలాజులో భాగమే అని రాజీ గారు వింటే సంతోషించేవారు. ఆహారాన్ని మందుకంటే ముందు పెట్టిన మనిషి కదా.

మూత్రపిండం దాచిన జ్వరం

జబ్బులు ఒకదాని వెనుక ఒకటి ఎట్లా దాక్కొంటవో ఆయన స్వయంగా వ్రాసుకొన్న ఒక కేసు ఉన్నది. అబ్దుల్లాహ్ బిన్ సవాదా అనే మనిషికి కలగాపులగం జ్వరాలు వచ్చేవి. ఒకసారి దినం విడిచి దినం, ఒకసారి రెండు దినాలు విడిచి, ఒకసారి రోజూ, ముందు కొంచెం వణుకు. మూత్రానికి మాటిమాటికి పోయేవాడు. ఈ జ్వరం రెండు దినాలు విడిచి వచ్చే జ్వరంగానైనా మారుతుంది, లేదా మూత్రపిండంలో పుండు అయినా ఉండి ఉంటుంది అని రాజీ గారు రెండు దారులూ తెరిచి ఉంచినారు. కొద్ది రోజులకే మూత్రంలో చీము పడినది. సంగతి తేలిపోయినది. మూత్రం జారీ చేసే మందులతో చీము పోగొట్టి, తర్వాత పుండు మానే మందులిచ్చినారు. మనిషి బాగైనాడు.

ఇంతవరకు ఏ హకీం అయినా గొప్పగా చెప్పుకొనే కథ. కాని రాజీ గారు అక్కడ ఆపలేదు. మొదటి రోజే మూత్రపిండం అని గట్టిగా ఎందుకు చెప్పలేకపోయినానో అని తనను తానే తరచి వ్రాసుకొన్నారు. మరీజుకు పూర్వం దినం విడిచి వచ్చే జ్వరాలు ఉండేవి, అందుచేత ఆలోచన అటు పోయినది. నిలబడినప్పుడు నడుములో బరువు వ్రేలాడినట్లుందా అని అడగవలసింది, అడగలేదు. ఆ మనిషి చెప్పలేదు. తండ్రికి కూడా మూత్రకోశం బలహీనమని ముందు తెలియదు. పాత జబ్బు కొత్త జబ్బును కప్పివేసినదన్న మాట. ఈ వ్రాత పై అధికారికి పంపే రిపోర్టు కాదు, తన కోసం, షాగిర్దుల కోసం.

దినం విడిచి దినం వచ్చే జ్వరం ఏమిటో నేడు మనకు తెలుసు, అది మలేరియా. దోమ కడుపులో ఆ క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులోనే. మలేరియా అలవాటైన ప్రాంతంలో ప్రతి చలిజ్వరాన్ని మలేరియా అనుకొని ఇంకొకదాన్ని వదిలేయడం ఇప్పటికీ జరుగుతున్నది. రాజీ గారి కేసు పాతబడలేదు.

జాలీనూస్ మీద సందేహాలు

ఆ కాలంలో వైద్యం అంటే జాలీనూస్. ఆయన మాట దాటేవారు లేరు. రాజీ గారు ఆయనను ఉస్తాద్ అని గౌరవిస్తూనే, జాలీనూస్‌పై సందేహాలు అనే పుస్తకం వ్రాసినారు. పుస్తకంలో జ్వరం నడిచే తీరు ఒకటి, బగ్దాద్, రయ్ దవాఖానాలలో తాను చూసిన ఎందరో మరీజుల తీరు మరొకటి అని చెప్పినారు. సర్సామ్, అంటే మెదడు పొరల వాపు, గుర్తులు కనబడిన వారిలో కొందరికి నెత్తురు తీసి, కొందరికి కావాలని తీయకుండా ఉంచి, రెండు గుంపులను పోల్చి చూసినట్లు కూడా వ్రాసినారు. నెత్తురు తీయడం నేటి ఇలాజు కాదు. కాని మందు పనిచేసిందా లేదా తెలియాలంటే మందు ఇవ్వని వారితో పోల్చాలి అన్న ఆలోచన మీదనే నేటి మందుల పరీక్షలన్నీ నడుస్తున్నవి.

ఒక వసంతకాలంలో గులాబీలు పూయగానే అబూ జైద్ బల్ఖీ అనే పండితునికి తుమ్ములు, ముక్కు కారడం పట్టేది. దానిపై కూడా రాజీ గారు చిన్న వ్యాసం వ్రాసినారు. నేడు దీనినే ఎలర్జీ అంటున్నాము.

తత్వశాస్త్రంలో ఆయన చెప్పిన కొన్ని మాటలను ఆనాటి పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు, గట్టిగా ఖండించినారు. అల్ బీరూనీ కూడా ఒప్పుకోనివారిలో ఒకరు. అయినా ఆయన గ్రంథాల పట్టిక శ్రద్ధగా తయారు చేసింది ఆ బీరూనీ గారే. 180కి పైగా పేర్లు దానిలో ఉన్నవి. అభిప్రాయం వేరు, ఇల్మ్‌కు ఇవ్వవలసిన ఇజ్జత్ వేరు అని ఆ పెద్దలకు తెలుసు.

చివరి దినాలు, హైదరాబాదు సంబంధం

చివరి కాలంలో రాజీ గారి కండ్లు పోయినవి. కొలిమి పొగ వల్ల అని కొందరు, రాత్రింబవళ్ళు చదివి వ్రాయడం వల్ల అని కొందరు. ఎందరి కండ్లకో మందు చెప్పిన మనిషి చీకటిలో కూర్చొన్నారు. 925లో, హిజ్రీ 313లో, సొంత ఊరు రయ్‌లోనే కన్నుమూసినారు.

ఆయన పోయినప్పుడు ఇంటిలో మిగిలింది వ్రాత కాగితాలు. ఏ పుస్తకంలో ఏ రోగం గూర్చి ఏమున్నది, తాను మంచం పక్కన ఏం చూసినది, అన్నీ రోగం రోగానికి విడివిడిగా వ్రాసుకొన్న కాగితాలు. ఇబ్నుల్ అమీద్ అనే వజీర్ వాటిని రాజీ గారి సోదరి దగ్గర సొమ్ము ఇచ్చి తీసుకొని, షాగిర్దులతో కూర్పించినారని చెప్తారు. అదే అల్ హావీ అనే మహాగ్రంథం. ఆ సోదరి ఆ కాగితాలను పొయ్యిలో పెట్టి ఉంటే లోకానికి ఎంత నష్టం! ఆమె పేరు మనకు దక్కలేదు గాని ఆమె దాచిన కాగితాలు దక్కినవి.

సిసిలీలో ఫరజ్ బిన్ సాలిం అనే యూదు వైద్యుడు 1279లో దానిని లాటిన్‌లోకి తర్జుమా చేసినాడు. 1486లో ఇటలీలోని బ్రెషియాలో అచ్చయినది. అయితే దాని అసలు అరబ్బీ మూలం మొదటిసారి పూర్తిగా అచ్చయినది ఎక్కడ? బగ్దాదులో కాదు, తెహ్రానులో కాదు. మన హైదరాబాదులో! 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, 1955 నుండి మొదలుపెట్టి ఇరవైకి పైగా సంపుటాలలో దీనిని వెలువరించినది. నేడు ఏ దేశపు పండితుడైనా అల్ హావీ గూర్చి వ్రాస్తే హైదరాబాదు ప్రతి అని పేర్కొనక తప్పదు. ఇది మన పిల్లలకు తెలియవలసిన సంగతి. ఆయన కేసులలో 33 కేసులను మాక్స్ మేయర్‌హాఫ్ అనే కంటి డాక్టరు 1935లో వేరుగా ప్రకటించినాడు. పైన చెప్పిన మూత్రపిండం కేసు వాటిలోనిదే.

ఇక సభ్యులందరికీ నా మనవి. రాజీ గారి జీవితం నుండి మన ఇండ్లకు పట్టుకుపోవలసినవి మూడున్నవి. ఒకటి, డాక్టరు దగ్గర ఏదీ దాచకండి. షుగర్ ఉందని చెప్తే సూది వేయడేమో, క్షయ అని తెలిస్తే కూతురి సంబంధం తప్పిపోతుందేమో అని దాచే ఇండ్లు మన నడుమ ఉన్నవి. అబ్దుల్లాహ్ బిన్ సవాదా నడుము బరువు, తండ్రి జబ్బు ముందే చెప్పి ఉంటే పని మొదటి రోజే తేలేది. రెండు, ఇంటిలో ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరికి ఏ జ్వరం ఏ తేదీన వచ్చింది, ఏ మందు వాడినారు, పిల్లలకు ఏ టీకా ఎప్పుడు పడింది అన్నీ వ్రాయండి. బడిలో చదువుకొనే అమ్మాయి ఉంటే ఆమె చేతికే ఆ పని ఇవ్వండి. మూడు, తట్టు టీకా రెండు సార్లూ వేయించండి. మశూచి టీకాకు తాతలు చెయ్యి చాపినందువల్లనే నేడు మన పిల్లల ముఖాల మీద మచ్చలు లేవు.

మశూచి, తట్టు వేరు వేరు అని చెప్పిన ఆయన ఒక్కదానిని కూడా ఆపలేకపోయినారు, ఆ సాధనం ఆయన కాలంలో లేదు. ఒకదానిని ఆ తర్వాతి మనుషులు ఆపినారు. రెండోదానిని ఆపే సాధనం ఈనాడు మన బస్తీ దవాఖానాలో ఐస్ పెట్టెలో ఉన్నది. బుధవారమో శనివారమో, మీ దవాఖానాలో టీకా రోజు ఏదో కనుక్కొని పిల్లవాని కార్డు తీసుకొని పోవడమే మిగిలినది.